అమ్మ కాయ

మా అత్తయ్య వీరమ్మ ఏటా ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ప్రార్థన కాస్త ఎక్కువసేపు చేసేది. అది కొత్త కొరివికారం జాడీ తీసే రోజు. పండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు, మెంతిపొడి వేసి మూడు రోజుల ముందు తనే రోట్లో తొక్కి పెట్టిన పచ్చడి. వేడి అన్నంలో నెయ్యి వేసుకుని, ఆ ఎర్రటి ముద్ద కలిపి, చెయ్యి ఆపి నన్ను పిలిచేది.

"సంతోషం, ముందు నీళ్లు పెట్టు. అమ్మ కాయతో ఆటలు గాదు."

నేను గ్లాసు పెట్టేదాన్ని. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని, వెంటనే గుక్కెడు నీళ్లు తాగి, కళ్లు మూసుకునేది. కళ్ల చివర తడి చేరేది, కారానికో మరెందుకో. కాసేపటికి కళ్లు తెరిచి "అమ్మే" అనేది. ఆ తర్వాత మామూలు కబుర్లు.

అత్తయ్య వాళ్లమ్మ పేరు మార్తమ్మ. నేను చూడలేదు. ఇద్దరు కూతుళ్లకూ పెళ్లిళ్లు చేసి పంపుతూ, తన తోటలో ఏరి దాచిన మిరప విత్తనాన్ని పాత చీర ముక్కల్లో మూటలు కట్టి చెరొకటి ఇచ్చిందట. ఒక మూట అత్తయ్యతో సత్తెనపల్లి దగ్గర మా ఊరు వచ్చింది. రెండోది చెల్లెలు సువార్తమ్మతో దర్శి వైపు వెళ్లింది. ఊరంతా గుంటూరు లాం ఫారం వాళ్ల కొత్త విత్తనానికి మారిపోయినా, మా రెండెకరాల్లో కాలవ పక్క నాలుగు సాళ్లు మాత్రం అత్తయ్యవి. పక్క తోట గాలి తగిలి జాతి కలవకూడదని వాటి చుట్టూ జొన్న వేయించేది. రెండో కోతలో నడిమి కొమ్మల కాయలు, వంకరా మచ్చా లేనివి, తనే ఏరేది. ఆరబెట్టి, బూడిదా వేపాకూ కలిపి కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి అటక ఎక్కించేది. ఆ నాలుగు సాళ్ల కాయనే "అమ్మ కాయ" అనేది.

అది వాళ్లమ్మ కాయ కాదు. ఆ సంగతి తెలిసింది ఇద్దరికే: నాకూ, పక్కింటి ఖాజాబీకీ.

నాకు డెబ్బై తొమ్మిది మార్చిలో పెళ్లయింది. గుంటూరులో బి.ఏ. చదివి వచ్చిన కోడలినని అత్తయ్యకు కొంచెం గర్వం, కొంచెం అనుమానం. మే నెలలో సువార్తమ్మ గారి కూతురి పురిటికి ఆమె దర్శి వెళ్లింది. వెళ్లిన వారానికే తుఫాను వచ్చింది. పెంకులు లేచిపోయి అటక మీదికి నీళ్లు కారాయి. కుండ దించి చూస్తే కాయలు మెత్తబడి, అక్కడక్కడ బూజు పట్టి ఉన్నాయి. నాలుగు రోజులైనా ఎండ జాడ లేదు.

చదువుకున్నదాన్ని కదా, ఆలోచించాను. ఎండ లేకపోతే సెగ. పొయ్యి మీద రేకు పెట్టి, కాయలన్నీ పరిచి, తిప్పుతూ ఒక పూటంతా కూర్చున్నాను. కాయలు గలగలలాడాయి. ఘాటుకు దగ్గుతూనే సంబరపడ్డాను. సాయంత్రానికి ఎందుకో అనుమానం వచ్చింది. ఇంటర్‌లో చేసిన ప్రయోగం గుర్తొచ్చి, పది గింజలు తడిగుడ్డలో చుట్టి పెట్టాను. పన్నెండు రోజులు తడుపుతూ చూశాను. ఒక్కటి మొలకెత్తలేదు. ఇంకో పది పెట్టాను. అవీ అంతే. మార్తమ్మ గారి విత్తనాన్ని నేను వేయించేశాను.

గోడ అవతలి ఖాజాబీకి చెప్పుకుని ఏడ్చాను. ఆమె నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది.

"ఏడిస్తే మొలుస్తయ్యా? ఊరుకో కోడలు పిల్లా!" అని, ఇంట్లోకి వెళ్లి చాటెడు ఎండుకాయలు తెచ్చింది. "మా అమ్మ ఊరి విత్తనం. మంచి జాతి. ఆ కుండలో పోసి మూతి కట్టు."

"తెలిసిపోదా పిన్నీ?"

"మొక్కలు మాట్లాడతయ్యా ఏంది? నోరుండేది మనకే. మనం మూసుకుంటే సరి."

సువార్తమ్మ గారి దగ్గర కూడా అదే విత్తనం ఉందని నాకప్పటికి తెలియదు. తెలిసినా అడిగే ధైర్యం ఉండేదని చెప్పలేను. ఇంట్లో అడుగుపెట్టి మూడు నెలలు కాలేదు.

ఆ ఏడు కాయ దిగినప్పుడు అత్తయ్య సాళ్ల మధ్య నిలబడి ఒక కాయ తుంచి చాలాసేపు చూసింది. 

"ఈ ఏడు కాయ పొడుగు సాగిందే. తుఫాను నీళ్లకి నేల మారినట్టుంది" అంది.

మరుసటి ఏడు ఆ మాట అనలేదు. మూడో ఏడు కోతకొచ్చిన కూలీలతో, "అమ్మ కాయంటే ఇట్టా సన్నంగా, పొడుగ్గా ఉండాల" అని చెబుతుంటే విన్నాను.

నాకు నేను ఒక సమాధానం చెప్పుకుంటూ వచ్చాను. మారింది కుండలోని గింజే కదా. ఆమె మనసులోని అమ్మను నేను ముట్టుకోలేదు. కళ్లు మూసుకున్నప్పుడు ఆమె తలుచుకునేది మార్తమ్మనే. మనసు లోపలిది, కాయ బయటిది. బయటిదాన్ని మార్చినంత మాత్రాన లోపలిదానికి ఏమవుతుంది? ఈ సమాధానం ఎనిమిది ఫిబ్రవరులు నన్ను ఆదుకుంది. మా ఆయన సంజీవరావుకు కూడా చెప్పకుండా ఆదుకుంది.

ఎనభై ఏడు మార్చిలో సువార్తమ్మ గారు వచ్చింది.

అంతకు ముందు ఆరేళ్లు ఆమె ఇల్లు కదల్లేదు. భర్తకు పక్షవాతం. కౌలు పొలం వదులుకుని ఆయన మంచం పక్కనే ఉండిపోయింది. ఆయన పోయిన ఏడాదికి, ఒక చేతిసంచీ, ఒక చిన్న జాడీ పట్టుకుని మా వాకిట్లో బస్సు దుమ్ముతో నిలబడింది. బక్కగా, పొట్టిగా, నవ్వు మొహంతో.

"ఏమే అక్కా, ఇంత లావయ్యావ్! నా వాటా కూడా నువ్వే తిన్నావా?"

"నీ మొహం! నువ్వేందే, ఎండుకాయలాగా అయ్యావ్" అని అత్తయ్య ఆమెను గట్టిగా పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర సువార్తమ్మ గారు జాడీ మూత తీసింది.

"ఆయన మంచాన పడ్డాక తోట పోయింది గానీ విత్తనం పోనీలేదక్కా. పెరట్లో నాలుగే నాలుగు మొక్కలు. ఆయన మంచం కిటికీ పక్కకి జరిపి, ఆ నాలుగింటి కాడా నేను కూర్చునేదాన్ని. ఈ ఏడు రెండు శేర్ల కాయ దిగింది. విత్తనానికి పోను మిగిలిందంతా తొక్కేసి పట్టుకొచ్చా. అమ్మ చేతిలాగా వచ్చిందో లేదో నువ్వే చెప్పాల."

అత్తయ్య మొహం వెలిగిపోయింది. ప్రార్థన చేసింది. ముద్ద కలిపింది.

"సంతోషం, ముందు నీళ్లు పెట్టు."

"ముందే నీళ్లెందుకే?" అని సువార్తమ్మ గారు నవ్వింది.

"నీకు అలవాటు తప్పినట్టుంది. అమ్మ కాయ నాలిక మీద పడితే ఆగనిస్తదా?"

 నేను గ్లాసు పెట్టాను. అత్తయ్య ముద్ద నోట్లో పెట్టుకుని, అలవాటు ప్రకారం వెంటనే నీళ్లు తాగి, కళ్లు మూసుకుంది. చెల్లెలు చిన్నపిల్లలాగా ముందుకు వంగి అక్క మొహంలోకే చూస్తోంది. అత్తయ్య కళ్లు తెరిచింది. నుదురు ముడిపడి ఉంది.

"ఏం కాయే ఇది?"

"ఏం కాయేందక్కా? అమ్మ కాయ."

"కాదు."

"ఛా, ఎగతాళి చెయ్యబాక."

"ఎగతాళి గాదే. కారమేదీ? పులుపు తప్ప నాలిక్కేం తగల్లా. ఇది అమ్మ కాయ కాదు సువార్తా. ఎక్కడో కలిసిపోయింది. పక్కన ఎవరేం వేశారో చూసుకున్నావా?"

సువార్తమ్మ గారు నవ్వు ఆపేసి, సంచిలోంచి నాలుగు పండుకాయలు తీసి అరిటాకు మీద పెట్టింది. పొట్టివి, మందమైనవి, తొడిమ దగ్గర చీర కుచ్చెళ్లలా ముడతలు పడ్డవి.

"చూడు. ఈ ముడత గుర్తులేదా? తొడిమకాడ ముడత లేకపోతే అమ్మ విత్తనానికే తీసేది గాదు."

అత్తయ్య లేచి వెళ్లి మా కాయలు తెచ్చి పక్కన పెట్టింది. సన్నవి, పొడుగువి, నున్నటివి.

"నాకు గుర్తులేదా? నాకు? నువ్వు ఆరేళ్లు తోట మొహం చూళ్లా. నేను ఏటా పండిస్తన్నా, ఏటా తింటన్నా. అమ్మ కాయ నా నాలిక మీద ఉంది. నాలుగు మొక్కలే, అయ్యి కూడా కాపాడుకోలేకపోయావా?"

మాట నోరు దాటాక అత్తయ్యకు కూడా ఎక్కువైనట్టు అనిపించింది గానీ వెనక్కి తీసుకోలేదు. సువార్తమ్మ గారు జాడీ మూత పెట్టేసింది. ఆ పూట ఇద్దరూ మజ్జిగన్నం తిన్నారు. నేను అదీ తినలేకపోయాను.

సాయంత్రం చెప్పేద్దామనే అనుకున్నాను. ఒకసారి వంటింటి గుమ్మం దాకా వెళ్లి, చాట కోసం వచ్చినట్టు చాట తీసుకుని వెనక్కి వచ్చాను.

పొద్దున్నే నీళ్లు కాగబెడుతుంటే సువార్తమ్మ గారు సంచి సర్దుకుని పొయ్యి దగ్గరికి వచ్చింది. తొమ్మిది గంటల బస్సుకు వెళ్తానంది. చేతిలో పాత చీర ముక్కతో కట్టిన మూట ఉంది.

"ఇది పొయ్యిలో వేసెయ్ అమ్మాయ్."

"ఏంటి చిన్నత్తయ్యా అది?"

"విత్తనం. అక్కకీ, నాకూ సగం సగం అనుకుని తెచ్చా. ఇంకెందుకు? అక్క నాలిక్కి మించిన సాక్ష్యం ఏముంది? ఏటా పండించిన మనిషి. ఆయనకి పక్క మార్చే హడావుడిలో నేనే ఎక్కడో ఏమరుపాటున వేరే గింజ ఏరి ఉంటా. ఆ ముడత కూడా నేనే ఊహించుకున్నానేమో. ఇంటికిపోయి ఆ నాలుగు మొక్కలు కూడా పీకేస్తా. అమ్మ కానిదాన్ని అమ్మ అనుకుంటా తినలేను."

ఆమె మూట నా చేతిలో పెట్టింది. అదే పొయ్యి. నిప్పులు ఎర్రగా ఉన్నాయి.

నేను చెడగొట్టింది గింజల్నే అనుకుంటూ వచ్చాను. అత్తయ్య తలలోకి నేను చెయ్యి పెట్టనేలేదని నమ్మాను. కానీ ఆమె ఏ కాయను అమ్మ కాయ అనుకోవాలో ఎనిమిదేళ్లుగా నేనే తేల్చి పెట్టాను, అటక మీది ఒక కుండలో. ఆమె నమ్మకం ఆమె తలలోనే ఉంది, దాని రెండో కొస మాత్రం నా చేతిలో ఉంది. ఆ కొసను నేను మార్చినందుకే ఇప్పుడు నిజం తెలిసిన మనిషి తన నిజాన్ని తానే నిప్పుల్లో వేయమంటోంది.

"అత్తయ్యా!" అని కేకేశాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అత్తయ్య చేతిలో చీపురుతోనే వచ్చింది. మూటను కొంగులో పట్టుకుని, తుఫాను, రేకు, తడిగుడ్డలో పది గింజలు, ఖాజాబీ చాట, అన్నీ చెప్పాను. ఏడవకుండా చెప్పాలనుకున్నాను. సగందాకా కుదిరింది.

అత్తయ్య చీపురు గోడకు ఆనించింది.

"ఎవరి విత్తనం?"

"ఖాజాబీ పిన్నిది."

"ఎనిమిదేళ్లు."

"అవునత్తయ్యా."

"విత్తనం మాడితే మాడింది. కొత్త కోడలివి, భయపడ్డావు. అది నాకర్థమయింది. కానీ ఏటా నేను కళ్లు మూసుకుని అమ్మా అనుకుంటా ఉంటే, నువ్వు గ్లాసు పెట్టి పక్కన నిలబడి చూశావు. ఎనిమిది సార్లు."

 ఆమె చెప్పులేసుకుని కల్లం వైపు వెళ్లిపోయింది. సువార్తమ్మ గారు సంచి కింద పెట్టి, నా కొంగులోంచి మూట తీసుకుని గుండెకు అదుముకుంది.  తొమ్మిది గంటల బస్సు దాని దారిన అది పోయింది.

కల్లంలో ఎకరన్నర తోట కాయ ఆరబోసి ఉంది. మేం వెళ్లేసరికి అత్తయ్య ఆ ఎర్రటి పరుపు అంచున కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. గోడ అవతల నుంచి అంతా విన్నట్టుంది, మాకంటే ముందే ఖాజాబీ అక్కడుంది. గొంతు వీధి మలుపు దాకా వినిపిస్తోంది.

"నన్ను తిట్టు వీరమ్మక్కా. ఆ పిల్లనేమీ అనబాక. కాయ ఇచ్చింది నేను, నోరు మూసుకోమంది నేను."

"నిన్ను తిడితే ఊరంతా వినపడేట్టు తిరిగి తిడతావు. నాకంత ఓపిక లేదు."

"అయినా ఏం తక్కువ చేశానక్కా నీకు? మంచి కారం ఇచ్చా. ఎనిమిదేళ్లు మా అమ్మని పట్టుకుని నువ్వు అమ్మా అమ్మా అన్నావు. అక్కడ పైన మా అమ్మ, ఎవురీ కిరస్తానం కూతురు, నేనెప్పుడు కన్నాను అని లెక్కపెట్టుకుంటా ఉంటది."

సువార్తమ్మ గారికి నవ్వు ఆగలేదు. అత్తయ్య నవ్వలేదు గానీ ఏరుతున్న చెయ్యి ఆగింది. గుప్పిట్లో ఒక కాయ పట్టుకుని దాన్నే చూస్తూ అడిగింది.

"మీ అమ్మ పేరేందే?"

ముప్పై ఏళ్లుగా గోడకు అటూ ఇటూ ఉన్నవాళ్లు. ఆ పేరు అత్తయ్య ఎన్నడూ అడగలేదు.

"జానీబీ."

"ఎట్టా ఉండేది?"

ఖాజాబీ అత్తయ్య పక్కన చతికిలబడింది. ఆ గొంతు అంత చిన్నదవుతుందని నాకు తెలియదు.

"నల్లగా, పొడుగ్గా. నవ్వేది గాదు. రోజల్లా కాయ కోసి ఇంటికొస్తే చేతులు మంట. మమ్మల్ని చేతుల్తో ముట్టుకునేది గాదక్కా, కళ్లల్లో పడతదని. ఇదిగో, ఇట్టా మోచేతుల్తో దగ్గరికి లాక్కునేది." రెండు మోచేతులూ చాచి, అరచేతులు దూరంగా పెట్టి చూపించింది. "మా తమ్ముడు బుడే అయితే, పెద్దయిందాకా అమ్మకి చేతులుండవనుకున్నాడు."

"మా అమ్మా అంతేనే," అంది సువార్తమ్మ గారు. "కొబ్బరినూనె రాసుకుని ఆరిందాకా గోడకి ఆనుకుని కూర్చునేది. మేం మోచేతుల కిందకి దూరేవాళ్లం."

అత్తయ్య తన అరచేతుల వైపు చూసుకుంది. ఆ మోచేతుల సంగతి ఆమె మర్చిపోయిందో లేక ఎప్పుడూ పైకి అనలేదో నాకు తెలియలేదు. చేతిలోని కాయను తాలులోనూ వేయలేదు, మంచివాటిలోనూ వేయలేదు. కొంగుకు కట్టుకుంది.

ఆ సాయంత్రం మా ఆయన బడి నుంచి రాగానే మొత్తం చెప్పాను. ఆయన పిల్లలకు సైన్సు చెబుతాడు కాబట్టి దేనికైనా ముందు ఒక సూత్రం వెతుకుతాడు.

"నువ్వు దిగులుపడకు. మా అమ్మ మనసులో ఉన్నది వాళ్లమ్మే. నోట్లో పంచదార పోసినా ఆమె తలుచుకునేది వాళ్లమ్మనే" అన్నాడు అన్నం తింటూ.

"అమ్మ సరే. మరి కాయ? 'అమ్మ కాయ పొడుగ్గా ఉండాలి' అని కూలీలకు చెప్పినప్పుడు ఆమె అనుకున్నది ఏ కాయ గురించి?"

ఆయన ముద్ద ఆపాడు. "ఖాజాబీ గారి కాయ గురించే అవుతుంది."

"ఆమె అట్లా అనుకోలేదు కదా."

"అనుకోలేదు. కానీ ఎదురుగా ఉన్నది అదే కదా. మొదటి ఏడు మాత్రం అమ్మ అనుకున్నది మార్తమ్మ అమ్మమ్మ కాయ గురించే. అందుకే 'పొడుగు సాగింది' అంది. తర్వాత ఎప్పుడు మారింది?"

"అదే నాకూ తెలియదు. ఆమెకూ తెలియదు. లోపల ఏ తలుపు చప్పుడూ కాలేదు."

"ఇంక ఆపండ్రా ఇద్దరూ," అని గడపలోంచి అత్తయ్య అంది. "నాకు తెలీకుండా నా తలకాయలో కాయ మార్చారు. ఇప్పుడు నా తలకాయ మీదే పాఠం చెప్తన్నారు."

పొద్దుటి నుంచి ఆమె నన్ను కలుపుకుని అన్న మొదటి మాట అది. తిట్టే అయినా నాకు కడుపు నిండింది.

మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య రెండు జాడీలూ తన ముందు పెట్టించుకుంది. చెల్లెలి పచ్చడితో ముద్ద కలిపి, నోట్లో పెట్టుకుని, నీళ్లు తాగి, కళ్లు మూసుకుంది. 

"రావట్లే" అంది చివరికి.

"ఏందక్కా?"

"అమ్మ. ఇది అమ్మ కాయని ఇప్పుడు నాకు తెలుసు. అయినా రావట్లేదు. దాంతో అయితే వచ్చేస్తది" అని మా జాడీ వైపు చూపించింది. "నా నాలిక ఆ ఇంటికి అలవాటు పడింది."

సువార్తమ్మ గారి కళ్లు చెమర్చాయి. నాకు తలెత్తుకోవాలనిపించలేదు. నేను పోగొట్టింది ఇదన్నమాట. గింజ దొరికింది, దారి దొరకలేదు.

"పోనీలే. నేను నాలుగు రోజులుంటా. రోజూ తిను. అదే వస్తది" అంది సువార్తమ్మ గారు.

నాలుగు రోజులు కాదు, పద్దెనిమిది రోజులు ఉంది. అత్తయ్య రోజూ మొదటి ముద్ద ఆ జాడీలోదే తినేది.  నన్ను నీళ్లు పెట్టమని అడిగేది కాదు. నేనే పెట్టేదాన్ని. ఆమె తాగేది. మా మధ్య ఆ గ్లాసు తప్ప ఇంకేమీ నడవని రోజులవి.

జాడీ అడుగంటిన రోజు ఖాజాబీ వాకిట్లోకి వచ్చి ఏదో కేకేసింది, నేను అటు పరుగెత్తాను, నీళ్లు పెట్టడం మర్చిపోయాను. తిరిగి వచ్చేసరికి అత్తయ్య అప్పటికే ముద్ద మింగేసి ఉంది. నాలుక మీద ఏమీ లేదన్నట్టు మామూలుగా కూర్చుని ఉంది. ఇంకో రెండు క్షణాలకు మొహం కందిపోయింది. కారం నాలుక మీద కాదు, గొంతు దిగాక అంటుకుంది. దగ్గు ముంచుకొచ్చి, చెయ్యి గాల్లో తడుముకుంది.

నేను కదిలేలోపే సువార్తమ్మ గారు చెంబు ఎత్తి ఆ చేతిలో పెట్టింది. ఆమె అప్పటిదాకా చెంబు పక్కనే పెట్టుకుని కూర్చుని ఉంది. ముద్ద మింగిందాకా ఆగి, అప్పుడు ఇచ్చింది.

అత్తయ్య తాగలేదు. చెంబు పట్టుకుని, కన్నీళ్లు కారుతుంటే, చెల్లెలి మొహంలోకి చూసింది.

"మింగినాకే ఇచ్చేదే అమ్మ" అంది.

"ఆఁ."

"మనం ముందే ఇయ్యమని ఏడ్చేవాళ్లం. ఆగండే, ఇంకా రాలా, ఇంకా రాలా అనేది. చెంబు ఎనక దాచుకుని."

"ఆఁ అక్కా. అందుకే ఆ రోజు అడిగా, ముందే నీళ్లెందుకే అని."

"ఇన్నేళ్లూ ఆ చెంబు నాకు గుర్తే రాలేదే సువార్తా!" అని అత్తయ్య గబగబా నీళ్లు తాగి, పొలమారి, మళ్లీ దగ్గి, ఆ దగ్గులోనే నవ్వడం మొదలుపెట్టింది. వాకిట్లోంచి ఖాజాబీ పరుగున వచ్చి వీపు మీద చరుస్తూ, "చంపేశారా ఏంది మా అక్కని? మా అమ్మ కాయ అయితే ముందే చెప్పి మండుద్ది. మీ అమ్మ కాయ దొంగది, ఎనకమాల నుంచి వస్తది" అంది.

"నోర్మూయ్. రెండూ మా అమ్మలే" అంది అత్తయ్య, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

ఆ రోజు సాయంత్రం సువార్తమ్మ గారి మూట విప్పి సగం గింజలు కుండలో పోశాం. కాలవ పక్క నాలుగు సాళ్ల కాయ ఇంకో కుండలోకి వెళ్లింది. అత్తయ్య నన్ను పిలిచింది.

"సంతోషం, బొగ్గు తీసుకురా. చదువుకున్నావుగా, ఈ కుండల మీద పేర్లు రాయి. ఇటు మార్తమ్మ. అటు జానీబీ."

నేను రాశాను. ఖాజాబీ ఒంగి, తనకు రాని అక్షరాల వైపు అనుమానంగా చూసింది.

"మా అమ్మది ఏదే కోడలు పిల్లా? మళ్లీ మార్చవు గదా?"

"ఇది పిన్నీ" అని ఆమె వేలు పట్టుకుని జానీబీ పేరు మీద పెట్టాను. ఆమె ఒక్కసారి తడిమి చూసుకుంది. వేలికి బొగ్గు అంటింది.

"ఈ ఏడు నాలుగు సాళ్లు కాలవ పక్క, నాలుగు సాళ్లు రోడ్డు పక్క" అంది అత్తయ్య. "మధ్యన జొన్న మూడు వరసలు వెయ్యాల. రెండు కుండలూ అటకెక్కించేది నువ్వే, దించేది నువ్వే."

"నేనా అత్తయ్యా?"

"మరి? ఎక్కడ పొరపాటు జరుగుద్దో నీకన్నా బాగా తెలిసినోళ్లు ఇంకెవరున్నారు ఈ ఇంట్లో?" అని, "వాన పట్టినా సరే, పొయ్యి దగ్గరికి మాత్రం పోబాక" అంది.

జూన్‌లో కుండలు దించాను. విత్తే ముందు రెండు తడిగుడ్డల్లో పదేసి గింజలు చుట్టి పెట్టాను. పదో రోజు పొద్దున నేను లేచేసరికి అత్తయ్య ఆ గుడ్డలు విప్పుకుని గడప మీద కూర్చుని ఉంది. ఒకదాంట్లో తొమ్మిది, ఒకదాంట్లో ఎనిమిది మొలకలు. ఏ గుడ్డ ఎవరిదో పైన రాసి పెట్టడం నేను మర్చిపోయాను.

"ఎవరివే ఇవి?" అంది అత్తయ్య.

ఇద్దరం ఆ తెల్లటి మొలకల్ని అటూ ఇటూ తిప్పి చూశాం. ఏమీ తేడా లేదు.

"విత్తేది కుండల్లోవే కదా అత్తయ్యా. కుండల మీద పేర్లున్నాయి" అన్నాను.

"ఆఁ, తేడా కుండల్లోనే ఉంది" అని ఆమె రెండు గుడ్డలనూ మెల్లగా మడిచి, నా చేతికిచ్చింది.